గోడ మీది గ్లాసు

1982 వేసవి సెలవుల్లో నా హాస్టల్ మిత్రుడు మొదటిసారి మా ఇంటికొచ్చాడు. వాడిది చీరాల అవతల ఒక పల్లె, మాదిగ గూడెం. మాది తెనాలి నుంచి చీరాల వెళ్ళే రైలు దారిలో ఒక ఊరు, మాలపల్లె. స్టేషన్ నుంచి ఎండన పడి నడిచొచ్చాడు. మా నాయనమ్మ కుండలో నీళ్ళు ముంచి ఇస్తూ, "ఎవురి పిల్లోడివి నాయనా?" అని అలవాటుగా అడిగింది. వాడు దాచలేదు. నాయనమ్మ మారు మాట్లాడలేదు. నీళ్ళిచ్చింది, మజ్జిగన్నం పెట్టింది, మారు వడ్డించింది. వాడికి విస్తట్లో పెట్టింది. మేం కంచాల్లో తిన్నాం.

అన్నం తిన్నాక వాడు చెయ్యి కడుక్కోడానికి పెరట్లోకి వెళ్ళాడు. అప్పటికే నాయనమ్మ వాడు నీళ్ళు తాగిన సత్తు గ్లాసుని బూడిదతో తోమి, ఇంట్లోకి తేకుండా మట్టిగోడ మీద బోర్లించింది. వాడు దాన్ని చూశాడు. నేను చూశానని కూడా చూశాడు. ఇద్దరం ఏమీ అనుకోలేదు. సాయంత్రం రైలుకి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత కూడా వాడు వచ్చినప్పుడల్లా ఆ గ్లాసుతోనే నీళ్ళు, మిగతా రోజులన్నీ అది గోడ మీదే.

నాయనమ్మ చెడ్డ మనిషని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఊరి మంచినీళ్ళ చెరువు దగ్గర ఆమె ఎలా నిలబడేదో నా చిన్నప్పుడు చూశాను. మేం మెట్లు దిగకూడదు. కట్ట మీద కుండ పెట్టుకుని, దిగినవాళ్ళలో ఎవరికైనా దయ పుట్టేదాకా "అమ్మా, రెండు కడవలు పొయ్యండి తల్లీ" అని అడుగుతూ ఉండాలి. పోసేవాళ్ళు తమ బిందె అంచు మా కుండ మూతికి తగలకుండా బాగా పైకెత్తి పోసేవాళ్ళు. సగం నీళ్ళు నేలపాలు. ఆమె పాదాలు ఎప్పుడూ బురదగా ఉండేవి. సెంటర్లో కాకా హోటల్లో మాకు వేరే గ్లాసులు, చూరులో దోపి ఉండేవి. టీ తాగి, మనమే కడిగి, మళ్ళీ చూరులో దోపాలి. అంటరానితనం నేరమని 1955లోనే చట్టం వచ్చింది. మా ఊరి చూరు గ్లాసులు నేను ఏడో తరగతి చదివేనాటికి, అంటే 1979లో కూడా ఉన్నాయి.

అంత పడ్డ మనిషి తన ఇంటి గోడ మీద ఇంకొక పిల్లాడికి గ్లాసు వేరు పెట్టింది. అంబేడ్కర్ దీన్ని అంచెలంచెల అసమానత అన్నారని చాలా ఏళ్ళ తర్వాత చదివాను. ఆ మాట చదివినప్పుడు నాకు ఆ సత్తు గ్లాసే కళ్ళముందు ఆడింది.

మా పల్లెలో ఇంకో సంగతి కూడా చెప్పాలి. సగం ఇళ్ళవాళ్ళు లూథరన్ గుడికి పోయేవాళ్ళు. మా చిన్నాయన బాప్తిస్మం తీసుకుని, మనసుకి ఒకటి కాగితానికి ఒకటి ఏమిటని రికార్డుల్లో కూడా క్రైస్తవుడని రాయించుకున్నాడు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా ముందు హిందువులకే. తర్వాత సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఇచ్చారు, క్రైస్తవుల్లోకి వెళ్ళినవాళ్ళకి లేదు. అందుకని చిన్నాయన కొడుకు బీసీ-సీ, వాడికి ఒక్క శాతంలో పోటీ. నేను ఎస్సీ. చెరువు కట్ట మీద మాత్రం మా ఇద్దరి తల్లులూ ఒకే వరసలో నిలబడేవాళ్ళు. ఈ లెక్క నాకు ఈనాటికీ న్యాయంగా తోచదు.

హాస్టల్ అంటే పాత పెంకుటిల్లు. మంచాలు లేవు. ఎవరి రేకు పెట్టె వాళ్ళకి తలగడ. పొద్దున జావ, మధ్యాహ్నం అన్నం, అడుగున పప్పు వెతుక్కోవాల్సిన సాంబారు. ఎవరూ గీత గియ్యకుండానే మాల పిల్లలు ఒక గదిలో, మాదిగ పిల్లలు ఒక గదిలో పడుకునేవాళ్ళు. మమ్మల్ని కలిపింది లెక్కలు. నాకు బీజగణితం తలకెక్కేది కాదు. వాడు బొగ్గు ముక్కతో గచ్చు మీద వేసి చూపించేవాడు. చదువులో వాడు నాకంటే చురుకు. తేడా ఇళ్ళ దగ్గరుంది. మా తాతకి మిషన్ బడిలో నాలుగక్షరాలు అబ్బాయి. దాంతో మా నాయన రైల్వేలో గ్యాంగ్‌మన్ అయ్యాడు, నెలకింత జీతం వచ్చేది. వాడి నాన్న చెప్పులు కుట్టేవాడు, పెళ్ళికీ చావుకీ డప్పు కొట్టేవాడు, ఏడాదికోసారి కళ్ళంలో ఆసామి కొలిచిందే రాబడి. కోతల కాలంలో వాడు నెలరోజులు బడికి వచ్చేవాడు కాదు. నేను ఒక్క రోజు కూడా మానలేదు. ఇద్దరం ఒకే జాబితాలో ఉన్నాం కాబట్టి ఇద్దరం ఒకటే అనుకునేవాణ్ణి.

1985 జులై 17న కారంచేడు జరిగింది. ముందురోజు మాదిగలు తాగే చెరువు దగ్గర ఆసాముల వాళ్ళు కుడితి బక్కెట్లు కడుగుతుంటే ఒక కుర్రాడు ఇదేంటని అడిగాడు, వాణ్ణి కొట్టబోతే నీళ్ళకొచ్చిన మున్నంగి సువార్త అడ్డుపడి బిందె ఎత్తింది. మర్నాడు పొద్దున్నే ఆసాములు గూడెం మీదికి వచ్చిపడ్డారు. ఆరుగురు మాదిగలు చచ్చిపోయారు. నా మిత్రుడి మేనత్తని ఆ ఊరే ఇచ్చారు. కబురు తెలిసి ఇద్దరం రైలెక్కి చీరాల వెళ్ళాం. చర్చి ఆవరణ నిండా జనం. పరుగెత్తి వచ్చినవాళ్ళు పరుగెత్తినట్టే ఉన్నారు, చెప్పుల్లేకుండా, చిరిగిన బట్టలతో. అత్త ఒక గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఇల్లూ వాకిలీ వదిలేసి వచ్చిన ఆ మనిషి పిడికిట్లో తాళంచెవి ఒక్కటే ఉంది. "తలుపేసి వచ్చానా లేదా?" అని వచ్చిన ప్రతివాళ్ళనీ అడుగుతోంది. వాడు ఆమె పిడికిలి విప్పబోతే విప్పనివ్వలేదు.

ఆ వారం మా నాయనమ్మ ఇంట్లో బియ్యం బస్తాలోంచి సగం ఇంకో సంచిలోకి పోసి, మూతి కట్టి, "ఆ పిల్లోడి వాళ్ళకిచ్చి రా" అంది. నేను మోసుకెళ్ళి ఇచ్చాను. గ్లాసు మాత్రం గోడ మీదే ఉంది.

బొజ్జా తారకం హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవి వదులుకుని వచ్చారు. కత్తి పద్మారావు ఊరూరా తిరిగారు. సెప్టెంబరు ఒకటిన తెనాలిలో దళిత మహాసభ పుట్టినప్పుడు జనంలో మేమిద్దరం కూడా ఉన్నాం, భుజం భుజం తగులుతూ.

మరుసటి ఏడాదే కాలేజీలో రిజర్వేషన్ గొడవ. 1986 జులైలో ఎన్టీ రామారావు ప్రభుత్వం మురళీధరరావు కమిషన్ సిఫార్సు మేరకు బీసీల వాటా 25 నుంచి 44 శాతానికి పెంచింది. ఎస్సీలకు 14 నుంచి 15, ఎస్టీలకు 4 నుంచి 6. బస్సులు తగలబడ్డాయి, కాలేజీలు మూతపడ్డాయి. బీసీల పెంపుని సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. ఆ పెంపులో మాకు కలిసింది ఒక్క శాతం. కోపం మాత్రం మా మీదికి వచ్చింది, మేం కంటికి ఆనే మనుషులం కనక. కంటికి ఎలా ఆనతామో చెబుతాను. నెలకోసారి గుమస్తా రిజిస్టరు పట్టుకుని క్లాసులోకి వచ్చేవాడు. "ఎస్సీ ఎస్టీలు లేవండి, స్కాలర్‌షిప్ సంతకాలు" అనేవాడు. లేచి నిలబడేవాళ్ళం. అటూ ఇటూ బెంచీల వాళ్ళు తలలు తిప్పి చూసేవాళ్ళు. సంతకం పెట్టడానికి ముందు బెంచీ దాకా నడిచి వెళ్ళి రావడం పది అడుగులు. ఆ ఆగస్టులో ఆ పది అడుగులూ వేస్తుంటే వెనక బెంచీల్లో బల్లలు చరిచారు. లెక్చరర్ బోర్డు వైపు తిరిగి నిలబడ్డారు. నా చేతిలో పెన్ను వణికి సంతకం పక్కకి పోయింది.

క్లాసయ్యాక వరండాలో ఒకడు మా ఇద్దర్నీ ఆపాడు. వాణ్ణి నేను స్నేహితుడనే అనుకునేవాణ్ణి. పూజారిగారబ్బాయి. గుడి మాన్యం పోయి, ఇల్లు గడవక నానా అవస్థా పడుతూ చదువుతున్నవాడు. "మా నాన్న మాత్రం ఉన్నవాడా? మాకెవరిచ్చారు? పోటీపడి తెచ్చుకోండి, ఎవరొద్దన్నారు?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగా బాధపడుతూ అన్నాడు. అందుకే నాకు వెంటనే జవాబు దొరకలేదు. వాడి పేదరికం నిజం. చిరుగులు కనపడకుండా పుస్తకం అడ్డం పెట్టుకుని నడిచేవాడు.

జవాబు అంతకు ఆర్నెల్ల ముందే నా దగ్గరుంది, అప్పుడు తట్టలేదు. ఎన్ఎస్ఎస్ క్యాంపుకని ఒక ఊరెళ్ళినప్పుడు వాడూ నేనూ కలిసి ఇంటింటికీ తిరిగి జనాభా వివరాలు రాసుకున్నాం. మధ్యాహ్నం ఒక పెద్ద లోగిలి ముందు ఆగి మంచినీళ్ళడిగాం. అరుగు మీది పెద్దాయన "ఏం బాబూ, మీరేమిట్లు?" అన్నాడు. వాడు చెప్పాడు. "అయ్యో, రండి రండి" అని లేచి నిలబడి, లోపలికి కేకేసి మజ్జిగ తెప్పించాడు. అరవై ఏళ్ళ ఆసామి, అరిగిపోయిన చెప్పుల్తో ఉన్న ఆ ఇరవై ఏళ్ళ కుర్రాడికి ఎదురు లేచాడు. తర్వాత నా వైపు చూశాడు. నేను చెప్పాను. ఆయన తిట్టలేదు. "పెరట్లో బోరింగు ఉంది, కొట్టుకుని తాగు" అన్నాడు. ఇద్దరి జేబుల్లోనూ ఆ రోజు ఒక్కటే లెక్క, బస్సు చార్జీ. నేను దోసిలి పట్టి తాగి వచ్చేసరికి వాడు అరుగు మీద తల దించుకుని కూర్చుని ఉన్నాడు. మజ్జిగ ముట్టలేదు. అంత మంచివాడు. అయినా ఆగస్టులో ఆ మాట అనగలిగాడు. ఎందుకంటే సీటు పోతుందన్న భయం ముందు ఆ అరుగు గుర్తుండదు. ఇది నేను వాడి గురించే చెప్పడం లేదని తర్వాత తెలుస్తుంది.

1990 సెప్టెంబరులో ఒక కేంద్ర ప్రభుత్వ ఉద్యోగానికి ఇంటర్వ్యూ అంటే నా మిత్రుడూ నేనూ ఢిల్లీ వెళ్ళాం. రైలు చార్జీ వాళ్ళే ఇస్తారు కాబట్టి వెళ్ళగలిగాం. ఆగస్టు 7న వీపీ సింగ్ మండల్ ప్రకటన చేశారు, కేంద్ర ఉద్యోగాల్లో బీసీలకు 27 శాతం. ఎస్సీల 15, ఎస్టీల ఏడున్నర అలాగే ఉన్నాయి. మేం దిగేసరికి ఢిల్లీ అట్టుడుకుతోంది. రాజీవ్ గోస్వామి అనే విద్యార్థి ఆ సెప్టెంబరులోనే ఒంటికి నిప్పంటించుకున్నాడు. ఆ పిల్లాణ్ణి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

ఒక కూడలిలో విద్యార్థులు రోడ్డుకడ్డంగా కూర్చుని దారిన పోయేవాళ్ళ బూట్లు పాలిష్ చేస్తున్నారు. రిజర్వేషన్లు వస్తే మా చదువులకి మిగిలేది ఇదేనని అట్టముక్కల మీద రాసి మెడలో వేసుకున్నారు. కొత్త బ్రష్షులు, కొత్త డబ్బాలు. నా మిత్రుడు ఆగిపోయాడు. తెల్ల చొక్కా వేసుకున్న ఒక కుర్రాడి చేతుల వైపే చాలాసేపు చూశాడు. వాడికి కోపం వస్తుందేమో, ఊరు కాని ఊరు, లాక్కుపోదామని చెయ్యి పట్టుకున్నాను. వాడు మెల్లగా అన్నాడు, "దుమ్ము దులపకుండా పూసేస్తున్నాడ్రా. ముందు పొడి బ్రష్షు కొట్టాలి. తోలు పగిలిపోద్ది." అంతే. బతుకు ఎంత హీనమైపోతుందో లోకానికి చూపించడానికి ఆ పిల్లలు ఎంచుకున్న పని, వాడి ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టిన పని. ఇంటర్వ్యూలో ఇద్దరికీ రాలేదు. తిరుగు రైల్లో నాగపూర్ దాటేదాకా వాడు మాట్లాడలేదు.

1991 ఆగస్టు 6న చుండూరు. సినిమా హాల్లో కాలు తగిలిందన్న తగువు పెరిగి పెరిగి ఎనిమిది మంది ప్రాణాలు తీసింది. శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. ఈసారి చచ్చిపోయింది మాలలు. నా మిత్రుడు నాకంటే ముందు అక్కడికి చేరాడు. చుండూరులోనే ప్రత్యేక కోర్టు పెట్టి విచారించి 2007లో 21 మందికి యావజ్జీవం వేశారు. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఆ తీర్పు వచ్చిన రాత్రి వాడు ఫోన్ చేస్తాడనుకున్నాను. చెయ్యలేదు. అప్పటికి మా మధ్య ఇరవై ఏళ్ళ మౌనం ఉంది. దాని సంగతే చెప్పాలి.

1992లో నాకు ఉద్యోగం వచ్చింది, ఎస్సీ కోటాలో. వాడూ అదే పరీక్ష రాశాడు. కొద్ది మార్కుల్లో పోయింది. ఆ ఏడాది నవంబరులోనే సుప్రీంకోర్టు ఇంద్రా సహానీ కేసులో మండల్ కోటాని నిలబెట్టి, మొత్తం సగం దాటకూడదని, బీసీల్లో సంపన్న శ్రేణిని పక్కన పెట్టాలని చెప్పింది. పేపరు చదివి సంతోషించాను. మా జాబితాలో పైన ఎవరున్నారు, అడుగున ఎవరున్నారు అన్న ఆలోచన నాకు రాలేదు. రావలసింది. నాతోపాటు చేరిన ఎస్సీ ఉద్యోగుల్లో ఎక్కువమంది మావాళ్ళే.

1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలైంది. మంద కృష్ణ మాదిగ, ఆయన వెంట కుర్రాళ్ళు, చంకల్లో డప్పులు. ఎస్సీ కోటాని ఎ, బి, సి, డి అని జనాభాని బట్టి పంచమన్నారు. ఆ శీతాకాలంలో నా మిత్రుడు మా క్వార్టర్స్‌కి వచ్చాడు. అప్పటికి వాడు బడిపంతులు. చేతిలో కరపత్రాల కట్ట. కింద పేర్లలో వాడి పేరు పక్కన కొత్తగా మాదిగ అని ఉంది. చిన్నప్పుడు ఆ మాట అనాల్సొస్తే గొంతు తగ్గించే మనిషి, ఇప్పుడు అచ్చు వేయించుకున్నాడు.

నా భార్య టీ ఇచ్చింది. వాడు నెమ్మదిగా చెప్పుకొచ్చాడు, ఏ శాఖలో ఎంతమంది, ఏ హాస్టల్లో ఎవరు. నాకు లోపల మంట మొదలైంది. కారంచేడు, చుండూరు తర్వాత ఒక్కటైన జనాన్ని చీలుస్తున్నారని అన్నాను. ఆ భయం అబద్ధం కాదు, మా పెద్దలు చాలామంది మనస్ఫూర్తిగా అదే అనుకున్నారు. కానీ అక్కడితో ఆగలేదు. "మేం కష్టపడి చదువుకున్నాం. మీరూ పోటీపడి తెచ్చుకోండి, ఎవరొద్దన్నారు?" అన్నాను.

నోట్లోంచి వచ్చాక గానీ నాకు వినపడలేదు.

వాడు నా మొహంలోకి చూశాడు. "ఈ మాట మనిద్దరం నిలబడి విన్నాం గదరా, కాలేజీ వరండాలో" అన్నాడు. టీ తాగేశాడు. లేచి, గ్లాసు తీసుకెళ్ళి కొళాయి కింద తనే కడిగాడు. మా వరండా పిట్టగోడ మీద బోర్లించాడు. కరపత్రాల కట్ట చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

సిగ్గుతో వెంటనే మారిపోయానని రాస్తే అది అబద్ధం. ఆ పంపకం వద్దన్న మాల మహానాడు సభలకి నేనూ వెళ్ళాను, చప్పట్లు కొట్టాను. ఎస్సీ కోటా పంపకం మీద రామచంద్రరాజు కమిషన్ వేశారు. రెల్లి తదితరులకు 1, మాదిగలకు 7, మాలలకు 6, ఆది ఆంధ్రులకు 1 శాతం అని పంచారు. 2000లో చట్టమైంది. ఆ చట్టం బతికింది నాలుగేళ్ళు. ఆ నాలుగేళ్ళలో ఒక రోజు ఒక రెల్లి అమ్మాయి జూనియర్ అసిస్టెంటుగా మా ఆఫీసులో చేరడానికి వచ్చింది. సర్టిఫికెట్లు చూడటం నా పని. డిగ్రీలో ఆమెకి వచ్చిన శాతం నాకు వచ్చినదానికంటే ఎక్కువ. సంతకం పెట్టించి తలెత్తితే కిటికీలోంచి గేటు కనపడింది. ఆమె తల్లి అక్కడ నిలబడి ఉంది. ఆ పట్నం రోడ్లు ఊడ్చే మనిషి, డ్యూటీ మధ్యలో వచ్చినట్టుంది, పొడుగాటి చీపురు గేటు అవతల గోడకి ఆనించి ఉంది. లోపలికి రమ్మని నేనే వెళ్ళి పిలిచాను. "వద్దు బాబూ, సూత్తన్నాను గదా" అంది. రోజూ ఆ గేటు ముందు ఊడ్చే మనిషిని నేను పదేళ్ళలో ఒక్కసారి పలకరించలేదు.

2004 నవంబరులో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. మావాళ్ళు స్వీట్లు పంచారు. నా టేబుల్ మీదా ఒక ముక్క పెట్టారు. ఆ అమ్మాయి ఎదురు సీట్లోనే కూర్చుని ఫైలు రాసుకుంటోంది. నేను తినలేకపోయాను. ఆ రోజే వాడికి ఫోన్ చెయ్యాల్సింది. చెయ్యలేదు.

2019 జనవరిలో అగ్రకులాల పేదలకి పది శాతం కోటా బిల్లు రెండు రోజుల్లో పార్లమెంటు దాటింది. నా పూజారి మిత్రుడు గుర్తొచ్చాడు, వాడి చిరుగుల చొక్కాకి అది ముప్పై ఏళ్ళు ఆలస్యం. కానీ ఒక్క బస్సూ తగలబడలేదు, ఒక్కరూ ప్రతిభ మాట ఎత్తలేదు. అది నాకు లోపల గుచ్చుకుంది, ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం ఆరుగురు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా, రాష్ట్రాలు ఎస్సీలను వర్గీకరించుకోవచ్చని తీర్పిచ్చింది. టీవీ కట్టేసి బస్సెక్కాను. చీరాలలో దిగి ఆటో మాట్లాడుకున్నాను. గూడెంలో అందరూ వాడింటి ముందే ఉన్నారు, డప్పులు మోగుతున్నాయి. వాడు నన్ను చూసి గుంపులోంచి వచ్చాడు. జుట్టంతా తెల్లబడింది. "తప్పు మాట అన్నాన్రా" అన్నాను. డప్పుల్లో వాడికి వినపడిందో లేదో. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు.

వాళ్ళమ్మ మంచం మీద కూర్చుని ఉంది. చూపు సరిగ్గా ఆనదు. నేనెవరో వాడు చెవిలో చెప్పాడు. ఆమె మొహం విప్పారింది. కోడల్ని నీళ్ళు తెమ్మంది. స్టీలు గ్లాసు, నిండా చల్లటి నీళ్ళు. తాగాను.

"మీ నాయనమ్మ బాగుండా నాయనా?" అంది. "కారంచేడప్పుడు మాకు బియ్యం పంపింది. సల్లని తల్లి."

ఆమె పోయి ముప్పై ఏళ్ళు దాటిందమ్మా అన్నాను. నా మిత్రుడు గుమ్మంలో నిలబడి బయటికి చూస్తున్నాడు. గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చాలాసేపు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను.